ఐదక్షరాలు, అచ్చు లేదు: మనవరాలి దగ్గర ఓడిపోతున్నాను, మాటలు కావాలి

షిప్‌యార్డు తాత · మల్కాపురం · బుధవారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. షిప్‌యార్డులో ముప్పై మూడేళ్లు వెల్డింగు చేసి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషుతో నా పరిచయం డ్రాయింగుల మీద ఉండే మాటల వరకే. హైదరాబాదులో తొమ్మిదో తరగతి చదివే మనవరాలు నన్ను ఒక ఆటలోకి దింపింది. ఆదివారం ఆదివారం ఫోన్లో ఆడతాం. ఒకరు ఐదక్షరాల ఇంగ్లీషు మాట మనసులో అనుకోవాలి, రెండోవాళ్లు ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం సరైన గడిలో పడితే పచ్చ, మాటలో ఉండి గడి తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద. ఈ ఆట ఫోన్లో రోజూ వచ్చేదేనని మీకు తెలిసే ఉంటుంది.

మా ఇంటి నియమం ఒకటి అదనం. గెలిచినవాళ్లు ఆ మాటకు అర్థం తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే సగం మార్కే. బహువచనాలు చెల్లవు.

పోయిన ఆదివారం ఏ, ఈ, ఐ, ఓ, యు ఐదూ బూడిదైపోయాయి. ఇక మిగిలిందేమిటి, ఈ పిల్ల అక్షరాలు లెక్క తప్పిందనుకున్నాను. జవాబు టి-ఆర్-వై-ఎస్-టి. ట్రిస్ట్ అట. నాకు దేవస్థానం ట్రస్టు తెలుసు గానీ ఈ ట్రిస్ట్ ఏమిటి?

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అర్థాలతో చెప్పండి. అలాగే నేను తిరిగి కొట్టడానికి క్యూ, జె, ఎక్స్ ఉన్న మాటలు కావాలి. జాబితాల సైట్లు చూడనని నాచేత ఒట్టు వేయించుకుంది. మనుషుల్ని అడగొద్దని మాత్రం అనలేదు.

బీటెక్ బాబు · మద్దిలపాలెం · బుధవారం రాత్రి 8:52

తాతగారూ, ఐదక్షరాలు, ఈ అక్షరాలు ఉండాలి, ఆ అక్షరాలు వద్దు అని కొడితే అర సెకనులో మొత్తం జాబితా ఇచ్చే పేజీలు బోలెడు. ఒట్టు మీరు వేశారు, నేను వేయలేదు. తీసి పెట్టమంటారా?

షిప్‌యార్డు తాత · మల్కాపురం · బుధవారం రాత్రి 8:55

వద్దు బాబూ. జాబితా వస్తుంది, బుర్రలో నిలవదు. పోయిన నెల మా అబ్బాయి నలభై మాటలు కాగితం మీద రాసిచ్చాడు. ఆదివారానికి రెండు గుర్తున్నాయి.

గాజువాక టీచర్ · గాజువాక · బుధవారం రాత్రి 9:30

నేను ఇంట్లో హైస్కూలు పిల్లలకి ట్యూషన్ చెప్తాను. తాతగారు చెప్పిన నలభైలో రెండు కథ నాకు రోజూ ఉండేదే.

ముందు ఒక మాట. అచ్చు పలకని మాట ఇంగ్లీషులోనూ ఉండదు. అచ్చు అక్షరం కనపడని మాట ఉంటుంది, అంతే. ఆ ఐదూ లేచిపోయిన కుర్చీలో వై వచ్చి కూర్చుని ఇ అనో, ఐ అనో పలుకుతుంది. అందుకని ఐదూ బూడిదైతే ఇంకేం ఆలోచించకండి, వై పెట్టేయండి. రెండో గడి గానీ మూడో గడి గానీ.

ట్రిస్ట్ అంటే ముందే మాట అనుకుని ఒక చోట కలుసుకోవడం. ప్రేమికులు చాటుగా కలుసుకుంటే ఎక్కువగా వాడతారు. మన కావ్యాల్లో సంకేత స్థలం అంటారే, ఆ సంకేతం. పాత ఫ్రెంచిలో దీని మూలానికి వేటగాళ్లు మాటు వేసే చోటు అని అర్థం. మీరు ఈ మాట వినే ఉంటారండి. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ చేసిన ప్రసంగంలో విధితో మన ట్రిస్ట్ అన్నది ఇదే.

తర్వాత చివర పి-హెచ్ వచ్చే జట్టు. ఎన్-వై-ఎమ్-పి-హెచ్, నింఫ్: వనదేవత, జలదేవత. తూనీగ, మిడత లాంటి వాటి పిల్ల దశను కూడా నింఫ్ అనే అంటారు. మొదట ఎన్ తీసి ఎల్ పెడితే లింఫ్: శోషరసం. ఒంట్లో రక్తనాళాలతో పాటు ఇంకో కాలవల వ్యవస్థ ఉంది కదా, అందులో పారే నీరు. బోదకాలు వచ్చేది ఆ కాలవల్లో సన్నటి పురుగులు చేరి దారి చెడగొడితేనే. మా నాయనమ్మకి బోదకాలు ఉండేది, నాకు ఈ మాట అలా నిలిచిపోయింది. ఇంకో రెండు: ఎస్-వై-ఎల్-పి-హెచ్, సిల్ఫ్, గాలిలో తిరిగే దేవత. జి-ఎల్-వై-పి-హెచ్, గ్లిఫ్, చెక్కిన గుర్తు.

సి-ఆర్-వై-పి-టి, క్రిప్ట్: చర్చి నేల కింద ఉండే సమాధి గది. గ్రీకులో దాచినది అని. క్రిప్టో కరెన్సీలో ఉన్న క్రిప్టో కూడా అదే.

పి-వై-జి-ఎమ్-వై, పిగ్మీ: మరుగుజ్జు. గ్రీకులో మోచేతి నుంచి పిడికిలి దాకా ఉండే కొలత పేరు. మన మూర వేళ్ల కొస దాకా వెళ్తుంది, వాళ్లది పిడికిలి దగ్గరే ఆగింది.

ఎమ్-వై-ఆర్-ఆర్-హెచ్. ఇది మీరు దాచుకోండి. రెండు ఆర్‌లు పక్కపక్కన ఉంటాయని ఎవరూ అనుకోరు. పలకడం మర్ అని. అర్థం బోళం. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం కదా, ఆ బోళం.

మురీ మిక్చర్ · ఆర్.కె. బీచ్ రోడ్డు · బుధవారం రాత్రి 9:41

ఐదక్షరాలు అన్నప్పుడల్లా నాకు లెక్క తప్పుతోంది. క్యూ-యు-ఈ-యు-ఈ అని రాస్తే ఇంగ్లీషులో ఐదు. పలికితే క్యూ. తెలుగులో ఒకటంటే ఒకటే అక్షరం. వెనక నాలుగూ తీసేసినా పలుకు మారదు. సింహాచలం చందనోత్సవం లైన్లో నిలబడ్డప్పుడు కూడా అంతే, ముందు ఒకడు పని చేస్తుంటాడు, వెనక ఉన్నోళ్లం ఊరికే నిలబడి ఉంటాం.

గాజువాక టీచర్ · గాజువాక · బుధవారం రాత్రి 9:48

నవ్వులాటకి అన్నా మీరు అర్థం దగ్గరికే వెళ్లారు. ఫ్రెంచిలో క్యూ అంటే తోక.

సీతమ్మధార సత్తు · సీతమ్మధార · గురువారం ఉదయం 7:15

అచ్చు అక్షరం లేని మాటల్లో అన్నిటికన్నా పెద్దది రిథమ్. ఆర్-హెచ్-వై-టి-హెచ్-ఎమ్. ఆరక్షరాలు. దీన్ని మించింది లేదు.

బీటెక్ బాబు · మద్దిలపాలెం · గురువారం ఉదయం 7:32

బహువచనం చేయండి సార్, ఏడు అయిపోతుంది. ఆరులోనే ఇంకా వింతది ఉంది: ఎస్-వై-జెడ్-వై-జి-వై. సిజిజీ. మూడు వైలు. అర్థం మాత్రం చదివాను, బుర్రకెక్కలేదు. గ్రహాలేవో వరస కడతాయట.

జాలరిపేట తమ్ముడు · జాలరిపేట · గురువారం ఉదయం 9:05

ఏటి బాబూ బుర్రకెక్కనిది. సూరీడు, సెంద్రుడు, బూమి ఒక్క గీత మీదకొస్తే అదే కదేటి. అమాసకీ పున్నానికీ వస్తాది. ఆ రెండు రోజులూ సముద్రం పోటెక్కువ, మళ్లీ లాగిందంటే ఇసక సానా దూరం బయటపడిపోద్ది. మావోళ్లు తెప్ప ఎప్పుడు దింపాలో, ఒడ్డున ఎంత పైకి లాగి కట్టాలో దీని మీదే సూస్కుంటారు. ఇంగిలీసులో దానికో పేరుందని నాకిప్పుడే తెలిసింది. ఎలాగ పలకాలన్నావు, సిజిజీయా? పున్నంపోటనుకుంటే సరిపోద్ది.

గాజువాక టీచర్ · గాజువాక · గురువారం ఉదయం 9:20

తమ్ముడూ, పదేళ్ల నుంచి ఈ మాట నాకు తెలుసు. పోటుతో కలిపి ఒక్కసారి కూడా చెప్పలేదు పిల్లలకి. ఈ రోజు సాయంత్రం చెప్తాను.

సీతమ్మధార సత్తు · సీతమ్మధార · గురువారం ఉదయం 10:02

రిథమ్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఆ సిజిజీని స్క్రాబుల్ బల్ల మీద, అదే అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే ఆటలో, పెట్టడం ఎంత కష్టమో చెప్పాలి. నేను ఆ ఆట పాతికేళ్లుగా ఆడుతున్నాను. మొత్తం నూరు బిళ్లలు. అందులో వై రెండే. మూడో వైకి ఏ అక్షరంగానైనా చెల్లే ఖాళీ బిళ్ల వాడాలి, ఖాళీ బిళ్లలూ రెండే. పిజ్జా కూడా ఇంతే, రెండు జెడ్‌లు కావాలి, ఉండేది ఒక్కటే.

ఈ లెక్కలు ఎవరో సరదాకి వేసినవి కావు. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టుకి పని పోయింది. ఖాళీగా కూర్చుని పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఈ అనే అక్షరం ఎక్కువసార్లు వచ్చింది కాబట్టి పన్నెండు బిళ్లలు, విలువ ఒకటి. క్యూ, జెడ్ ఒక్కోటి, విలువ పది. ఎస్ పత్రికలో బోలెడు వచ్చినా నాలుగే పెట్టాడు, లేకపోతే అందరూ బహువచనాలు అతికించి గెలిచేస్తారు. 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చాడు.

తాతగారి మనవరాలు బహువచనాలు చెల్లవన్నదంటే ఆ పిల్లకి ఆట తెలుసు.

బీటెక్ బాబు · మద్దిలపాలెం · గురువారం ఉదయం 10:20

ఫోన్లో రోజూ వచ్చే ఆటలోనూ ఊరికే ఎస్ తగిలించిన బహువచనం జవాబుగా పెట్టబోమని 2022 నవంబరులో చెప్పారు. ప్రయత్నంగా వేసుకోవచ్చు.

ఆ ఆట పుట్టుక కూడా మీ ఇంటి ఆటలాంటిదే తాతగారూ. జోష్ వార్డిల్ అనే ప్రోగ్రామర్ తన భాగస్వామి పాలక్ షా కోసం చేశాడు. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు దాదాపు పన్నెండు వేలు ఉంటే, ఆమె ఒక్కొక్కటీ చూసి తనకు తెలిసినది, తెలియనిది అని విడదీసింది. అలా రెండున్నర వేలు మిగిలాయి. 2022 జనవరి ఆఖర్న న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. అంటే జవాబు ఎప్పుడూ మామూలు మనిషికి తెలిసిన మాటే అవుతుంది. మీ మనవరాలికి ఆ కట్టుబాటేమీ లేదు, అదే మీ కష్టం.

లంగరు · పోర్టు ఏరియా · గురువారం మధ్యాహ్నం 1:10

భోజనం గంటలో రాస్తున్నాను. క్యూ కావాలన్నారు కదా, మా దగ్గర ఒకటుంది. పోర్టులో బెర్తుల పేర్లు ఈక్యూ ఒకటి, ఈక్యూ రెండు, డబ్ల్యుక్యూ ఒకటి, ఇలా ఉంటాయి. ఈక్యూ అంటే ఈస్ట్ క్వే, తూర్పు రేవుగట్టు. క్యూ-యు-ఏ-వై. చేరిన కొత్తలో నేనూ క్వే అనే అన్నాను. ఒక విదేశీ ఓడ కెప్టెన్ నోట కీ అని విన్నాక తెలిసింది, అసలు పలుకు అదేనని. నాలుగే అక్షరాలు కాబట్టి మీకు పనికిరాదు. అయినా చెప్పాలనిపించింది.

ఐదువి కూడా ఉన్నాయి. డబ్ల్యు-హెచ్-ఏ-ఆర్-ఎఫ్, వార్ఫ్: ఓడ ఆగి సరుకు దించే గట్టు. బి-ఈ-ఆర్-టి-హెచ్, బెర్త్: ఓడ నిలిచే చోటు. రైల్లో బెర్తు దీని తర్వాతే పుట్టింది. జె-ఈ-టి-టి-వై, జెట్టీ: ఫిషింగ్ హార్బరులో అందరూ అనే మాటే. ఫ్రెంచిలో విసరడం అనే మాట నుంచి వచ్చింది. రాళ్లు సముద్రంలోకి విసిరి విసిరి కట్టినది కదా.

ఎస్-ఓ-ఎన్-ఏ-ఆర్, సోనార్ కూడా వేసుకోండి. నీళ్లలో శబ్దం పంపి, తిరిగి వచ్చేదాన్ని బట్టి ఏముందో కనిపెట్టే యంత్రం. ఇంగ్లీషులో నాలుగు మాటల ముక్కలు అతికించి చేసిన పేరు. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లు ఆ గది చూసే ఉంటారు.

షిప్‌యార్డు తాత · మల్కాపురం · గురువారం మధ్యాహ్నం 2:30

లంగరు బాబూ, వార్ఫు, బెర్తు, జెట్టీ నా అన్నం మెతుకులు. వీటి స్పెల్లింగు నాకు మనవరాలి కన్నా బాగా వచ్చు. అయితే తనకి కూడా నేను చిన్నప్పుడే నేర్పేశాను, అదే చిక్కు.

గాజువాక టీచర్ · గాజువాక · గురువారం రాత్రి 8:15

క్యూతో మొదలయ్యేవి నాలుగు చెప్తాను, నాలుగూ మన రోజువారీలో ఎక్కడో తగులుతాయి.

క్యూ-యు-ఏ-ఎస్-హెచ్, క్వాష్: కొట్టివేయడం. పేపర్లో హైకోర్టులో క్వాష్ పిటిషన్ అని రోజూ చదువుతూనే ఉంటాం. క్యూ-యు-ఏ-ఐ-ఎల్, క్వెయిల్: కౌజు పిట్ట. క్యూ-యు-ఏ-సి-కె, క్వాక్: బాతు అరుపు, దొంగ డాక్టరు కూడా. క్యూ-యు-ఏ-ఎల్-ఎమ్, క్వామ్: చేస్తున్నది తప్పేమోనని మనసు పీకడం. ఎల్ పలకదు. ఈ చివరిదాన్ని పిల్లలు ఎప్పుడూ మర్చిపోతారు, తప్పేమోనని మనసు పీకే వయసు ఇంకా రాలేదు కాబోలు.

సీతమ్మధార సత్తు · సీతమ్మధార · గురువారం రాత్రి 8:31

క్యూ తర్వాత యు తప్పనిసరి అనుకునేవాళ్లని పడగొట్టాలంటే: ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, ఫకీరు. ఎన్-ఐ-క్యూ-ఏ-బి, నిఖాబు, ముఖం కప్పే ముసుగు. టి-ఏ-ఎల్-ఏ-క్యూ, తలాక్. చివర క్యూ అంటే అవతలివాళ్లు ఆరు ప్రయత్నాల్లో తాకలేరు. అరబ్బీ నుంచి వచ్చినవి కాబట్టి యు అవసరం పడలేదు.

మురీ మిక్చర్ · ఆర్.కె. బీచ్ రోడ్డు · గురువారం రాత్రి 8:40

తొమ్మిదో తరగతి పిల్లకి తాత తలాక్ చెప్పడం బాగోదేమో సార్. ఫకీరు ఓకే.

ఎండాడ వదిన · ఎండాడ · శుక్రవారం ఉదయం 6:50

నేను రోజూ పొద్దున్నే కాఫీతో ఆడతాను. నా మొదటి మాట ఎప్పుడూ ఏ-డి-ఐ-ఈ-యు, అడ్యూ. ఒక్క దెబ్బకి నాలుగు అచ్చులు తేలిపోతాయి. తాతగారు కూడా అదే మొదలుపెట్టాలి.

బీటెక్ బాబు · మద్దిలపాలెం · శుక్రవారం ఉదయం 7:25

వదినా, అచ్చులు తేలినా పని తేలదు. మాటని పట్టించేవి హల్లులు. ఎస్-ఎల్-ఏ-టి-ఈ, సి-ఆర్-ఏ-ఎన్-ఈ లాంటివి మేలు. తెలుగులో కూడా చూడండి, హల్లులు మాత్రం రాసి అచ్చులు తీసేస్తే ఊహించొచ్చు. అచ్చులు మాత్రం రాసి హల్లులు తీసేస్తే ఎవడికి తెలుస్తుంది?

ఎండాడ వదిన · ఎండాడ · శుక్రవారం ఉదయం 7:40

నువ్వు స్లేటుతోనే ఆడుకో. నాకు ఆ మాట ఇష్టం. ఫ్రెంచిలో దేవుడికి అప్పగించాను అని అర్థం, ఇక మళ్లీ కలుస్తామో లేదో అనుకున్నప్పుడు చెప్పేది. మన ఇళ్లలో ఎవరైనా వెళ్తాను అంటే ఊరుకుంటామా? వెళ్లొస్తాను అనమంటాం. అడ్యూకి సరైన తెలుగు లేదు, మనం దాన్ని గుమ్మంలో పలకనివ్వం.

షిప్‌యార్డు తాత · మల్కాపురం · శుక్రవారం ఉదయం 8:10

ఇంకో గొయ్యి ఉందండి. పోయిన నెల రెండో ప్రయత్నానికే నాలుగు పచ్చలు వచ్చాయి. ఖాళీ, ఏ, టి, సి, హెచ్. గెలిచేశాననుకున్నాను. క్యాచ్ వేశా, మ్యాచ్ వేశా, ప్యాచ్ వేశా, వాచ్ వేశా. జవాబు ల్యాచ్. తలుపు గడియ. రోజూ వేసేదే, ఆ రోజు తట్టలేదు.

సీతమ్మధార సత్తు · సీతమ్మధార · శుక్రవారం ఉదయం 8:45

అందరం పడే గొయ్యే అది. అక్కడ ఒక్కొక్కటీ వేసుకుంటూ పోకూడదు. మొదటి గడిలో పడగలిగేవి బి, సి, హెచ్, ఎల్, ఎమ్, పి, డబ్ల్యు. ఏడు. మీ దగ్గర నాలుగు ప్రయత్నాలున్నాయి. అప్పుడు గెలవడం కోసం కాకుండా తెలుసుకోవడం కోసం ఒక మాట వదలాలి: బి-ఎల్-ఐ-ఎమ్-పి. బ్లింప్. గాలి కన్నా తేలికైన వాయువు నింపి ఎగరేసే బెలూను ఓడ. అందులో బి, ఎల్, ఎమ్, పి నాలుగూ ఒకేసారి పరీక్షకి నిలబడతాయి. ఏదైనా పసుపో పచ్చో అయితే అదే. ఏదీ కాకపోతే మిగిలింది సి, హెచ్, డబ్ల్యు, మూడు ప్రయత్నాలు ఉన్నాయి. ఎటు చూసినా గెలుపే.

ఫోన్ ఆటలో కష్టమైన పద్ధతి పెట్టుకుంటే ఇది కుదరదు, వచ్చిన పచ్చలు వదలనివ్వదు. మీ ఇంటి నియమాల్లో అది ఉందా?

షిప్‌యార్డు తాత · మల్కాపురం · శుక్రవారం ఉదయం 8:52

లేదు. ఇప్పుడు చెప్పను కూడా.

కంబాలకొండ · మధురవాడ · శుక్రవారం రాత్రి 9:20

ఆలస్యంగా వచ్చాను. సెలవు రోజుల్లో పిట్టల్ని చూడటానికి తిరిగేవాణ్ణి నేను. తాతగారికి ఒక మాట ఇస్తాను, మనవరాలు కిందా మీదా పడాలి.

పి-ఐ-టి-టి-ఏ.

పిట్ట. మన పిట్టే. తమాషాకి అనడం లేదు, ఇంగ్లీషు నిఘంటువులో ఉన్న మాట, తెలుగు నుంచే వెళ్లింది. 1816లో వియో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఒక జాతికి శాస్త్రీయ నామంగా పిట్ట అని పెట్టాడు. మన దగ్గరి రకాన్ని ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా అంటారు, హిందీలో నవరంగ్. పచ్చని వీపు, పసుపు కలిసిన పొట్ట, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ. పొట్టి తోక. ఎండుటాకుల మీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. రెండు స్వరాల ఈల వేస్తుంది, ఎక్కువగా తెల్లారుజామునా, చీకటి పడే ముందూ. నాకు కంబాలకొండలో ఒక్కసారే కనిపించింది, అదీ వర్షం ముందు. ఫొటో తీసేలోపు పోయింది.

మనకి పిట్ట అంటే ఏ చిన్న పక్షైనా పిట్టే. వాళ్లకి ఆ ఒక్క జాతే.

బీటెక్ బాబు · మద్దిలపాలెం · శుక్రవారం రాత్రి 9:31

ఇది మామూలు దెబ్బ కాదు. ఇంకా ఉన్నాయా తెలుగువి? కేటమరాన్ మనదే కదా, కట్టుమరం?

కంబాలకొండ · మధురవాడ · శుక్రవారం రాత్రి 9:44

అది తమిళం. మనం మన తీరంలో తెప్ప అంటాం, జాలరిపేట తమ్ముణ్ణి అడగండి. మనది కాని దాన్ని మనదనుకోవడం ఎందుకు, ఉన్నవి చాలు. తొమ్మిదక్షరాల బ్యాండికూట్ అచ్చంగా మన పందికొక్కు. బి-ఏ-ఎన్-డి-ఐ-సి-ఓ-ఓ-టి. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు అక్కడ సంచిలో పిల్లల్ని మోసే వేరే జంతువు చూసి దానికీ ఈ పేరే తగిలించారు. దానికీ పందికొక్కుకీ చుట్టరికం ఏమీ లేదు.

ఐదులో ఇంకోటి, బి-ఏ-ఎన్-డి-వై. బ్యాండీ. మన బండి, తమిళుల వండి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో దొరలు ఎడ్లబండిని, గుర్రబ్బండిని ఇలా రాసేవారు. విశాఖ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఉంది. ఇంగ్లీషులో ఇదే స్పెల్లింగుతో దొడ్డికాళ్లు అనే అర్థం కూడా ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

లంగరు · పోర్టు ఏరియా · శుక్రవారం రాత్రి 10:05

గోడౌన్ సంగతేమిటండి? పోర్టులో పొద్దున లేస్తే అదే మాట. నేను ఇన్నాళ్లూ గో, డౌన్ అని రెండు ఇంగ్లీషు ముక్కలనుకున్నాను, కిందికి దిగి వెళ్లే గది కాబోలు అని.

కంబాలకొండ · మధురవాడ · శుక్రవారం రాత్రి 10:18

చాలామంది అలాగే అనుకుంటారు. మలయ్ భాషలో గుదాంగ్ లాంటి మాట ఉంది, పోర్చుగీసుల నోట పడి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ మలయ్ మాటకి మూలం మన గిడ్డంగి, తమిళ కిడంగు అయి ఉండొచ్చని నిఘంటువులు రాస్తాయి. బ్యాండికూట్ అంత గట్టిగా చెప్పలేం గానీ, ఈ తీరం నుంచి మలయాకి ఓడలు వెళ్లిన కథ చూస్తే నాకు నమ్మాలనే ఉంది. ఆరక్షరాలు, తాతగారికి ఈ వారం పనికిరాదు.

జాలరిపేట తమ్ముడు · జాలరిపేట · శనివారం ఉదయం 5:40

తెప్పే అంటాం. ఇప్పుడు మాత్రం సానామంది పైబరు బోట్లే. దానికి సిల్లు పడితే పూసే జిగురు డబ్బా మీద ఈ-పి-ఓ-ఎక్స్-వై అని ఉంటాది. ఎపాక్సీ. ఎక్స్ కావాలన్నారు కదా తాతగారూ, ఇది ఐదే, లెక్కెట్టాను. రెండు డబ్బాల్లోది కలిపితేనే గట్టిపడతాది, కలిపాక ఆలస్యం సేస్తే పుల్ల కూడా అందులోనే ఉండిపోద్ది.

షిప్‌యార్డు తాత · మల్కాపురం · ఆదివారం రాత్రి 9:10

మూడు వాళ్లవి, మూడు నావి ఆడాం. ఫలితం రాస్తున్నాను.

తన మొదటి మాటకి ఐదు అచ్చులూ బూడిద. వై పెట్టాను, రెండో గడి పచ్చ. చివర పి-హెచ్ పెట్టాను, పచ్చ. ఐదో ప్రయత్నంలో లింఫ్. అర్థం అడిగితే బోదకాలు అన్నాను. అది జబ్బు తాతా, అర్థం కాదు అంది. శోషరసం అన్నాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. నాకు ఒకటి.

రెండోది క్వామ్. టీచరు గారు చెప్పిందే, అయినా పోయింది. మనవరాలి చేతిలో పోయేసరికి మనసు పీకింది గానీ మాట గుర్తురాలేదు. మూడోది ఫ్జోర్డ్ అని ఏదో, ఎఫ్ పక్కన జె. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రమట. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన యాభై ఏళ్లు బతికినవాణ్ణి, ఆ మాట నాకే తెలియాల్సింది. రెండూ తనవే.

ఇక నేను పెట్టినవి. మర్ ఆరో ప్రయత్నంలో పట్టేసింది, రెండు ఆర్‌ల దగ్గర బాగా నలిగింది. అర్థం సెంటు అని చెప్పింది. బోళం అనే మాటే తను వినలేదట. సగం మార్కే ఇచ్చాను. పిట్ట పట్టలేదు. చెప్పగానే తాతా చీటింగ్, ఇది తెలుగు అని ఒకటే గోల. కంబాలకొండ బాబు చెప్పిన సంగతి అంతా వివరించి, నిఘంటువు పేజీ ఫొటో పంపాను. వాళ్ల నాన్న కూడా చదివి ఒప్పుకున్నాడు.

గొడవంతా బండి దగ్గర. నాలుగో ప్రయత్నానికే బ్యాండీ అంది. అర్థం దొడ్డికాళ్లు అంది. నేను అనుకున్నది ఎడ్లబండి అన్నాను. అదీ ఇదీ ఒకే స్పెల్లింగు, నేను గెలిచాను అని తను. నా మాటకి నా అర్థమే చెప్పాలని నేను. హాబ్సన్ జాబ్సన్ పేజీ పంపాను. తాతా, ఇది 1886 నాటిది, నువ్వు పుట్టకముందుది, ఇప్పుడెవరు వాడతారు అంది. చివరికి చెరి సగం.

మొత్తం తను 3, నేను 2½.

గాజువాక టీచర్ · గాజువాక · ఆదివారం రాత్రి 9:22

అర మార్కుతో ఓటమి ఓటమి కాదు తాతగారూ. అన్నట్టు మా పిల్లల్లో పదకొండు మందికి సిజిజీ గుర్తుంది. స్పెల్లింగు నలుగురికే, అది వేరే సంగతి. అర్థం పదకొండు మందీ పున్నంపోటు అనే రాశారు.

జాలరిపేట తమ్ముడు · జాలరిపేట · ఆదివారం రాత్రి 9:35

బండికి ఫుల్లు మార్కు ఇచ్చీవలసింది.

షిప్‌యార్డు తాత · మల్కాపురం · ఆదివారం రాత్రి 9:50

వచ్చే వారం నుంచి ఆరక్షరాలట, తనే మార్చింది. నా దగ్గర గోడౌన్ ఉంది. ఈ పేజీ తన కంట పడితే పోతుంది. నిర్వాహకుల వారూ, ఆదివారం దాకా దీన్ని ఎవరికీ కనపడకుండా చేసే ఉపాయం ఏమైనా ఉందా?

నిర్వాహకులు · ఆదివారం రాత్రి 10:02

గిడ్డంగికి తాళం వేశాం తాతగారూ. తాళంచెవి వచ్చే సోమవారం తీస్తాం.